మద్దెల మోగితే మందు వాసన వస్తుందంటోంది

తిరుపతి నుంచి ఒక పాఠకుడు కాగితాలకు రెండు వైపులా రాసి పంపిన ఆరు పేజీల ఉత్తరం ఈ వారం నా ముందుంది. పేరు, సొంతూరు బయటపెట్టవద్దని కోరారు కనుక గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేసి సారాంశం చెబుతాను. ఆయన వయసు నలభై ఒకటి. రేణిగుంట రోడ్డులో సొంతంగా మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్నారు. కాలిపోయిన బోరు మోటార్లకు రాగి తీగ తిరిగి చుట్టి ఇచ్చే పని. పుట్టింది చిత్తూరు వైపు పల్లెలో. పద్నాలుగో ఏట మేనమామ దగ్గర మద్దెల నేర్చుకొని, ఆ చుట్టుపక్కల ద్రౌపదమ్మ గుళ్ళలో పద్దెనిమిది రోజుల పాటు జరిగే భారతం ఉత్సవాలకు వీధినాటక మేళంతో వెళ్ళి వాయించేవారు. పెళ్ళయి తిరుపతి చేరాక కూడా, మూడేళ్ళ క్రితం దాకా, ఎండాకాలం వచ్చిందంటే షాపు కుర్రాడి మీద వదిలి మేళం వెంట వెళ్ళడం మానలేదు. తాగుడు మొదలైంది ఆ మేళంలోనే. మొదట ఆట ఉన్న రాత్రులకే పరిమితమైనది, తర్వాత షాపు మూసిన ప్రతి సాయంత్రానికీ పాకింది. చివరి ఏళ్ళలో పొద్దున షట్టర్ ఎత్తే ముందు కూడా గొంతులో పడకపోతే చేతులు వణికే స్థితి వచ్చింది. భార్య మెడలోని గొలుసు కుదువకు వెళ్ళింది. ఎవరికీ చెప్పకుండా ఇంట్లోనే మానాలని రెండుసార్లు చూశారు. రెండోసారి మూర్ఛ వచ్చి పడిపోయారు. మొన్న కార్తీక మాసంలో ఆసుపత్రిలో చేరి చికిత్స తీసుకున్నారు. ఇప్పుడు నాలుగో నెల నడుస్తోంది, చుక్క ముట్టలేదు.

చిక్కు ఆ తర్వాతది. ఏదైనా ఒక హాబీ పెట్టుకొమ్మని, ఖాళీగా ఉండవద్దని ఆసుపత్రిలో కౌన్సెలింగ్ ఇచ్చినవారు చెప్పి పంపారు. ఆ మాట పట్టుకొని ఆయన తెల్లవారుజామున అలిపిరి మెట్లు ఎక్కడం మొదలుపెట్టి మూడు వారాలకు ఆపేశారు. మిద్దె మీద కుండీల్లో టమోటా, వంగ నారు పెట్టి నీళ్ళు పోయడం మరిచారు. స్నేహితుడి మాట మీద షటిల్ బ్యాట్ కొన్నారు. అది ఇప్పటికీ కవరులోంచి బయటికి రాలేదు. "ఏదీ రుచించడం లేదు, మట్టి తిన్నట్టు ఉంది" అని రాశారు. ఇంతలో మేళం పెద్ద ఫోన్ చేశారు: ఉగాది దాటితే ఊరూరా భారతం మొదలవుతుంది, "నువ్వు లేకపోతే ఎట్లప్పా, మద్దెల లేని మేళం ఏం మేళం" అని. ఆ ఫోన్ వచ్చిన రోజు నుంచి ఈయనకు వేళ్ళు ఊరుకోవడం లేదు, బల్ల మీద కూడా జతులు వేస్తున్నాయట. భార్య మాత్రం ఒకే మాట అంది: "మద్దెల మోగిందంటే నాకు మందు వాసన వస్తాది." ఆ వాయిద్యం మూడేళ్ళుగా ఆమె పాత చీరలో చుట్టబడి అటక మీద ఉంది. ఎనిమిదో తరగతి చదివే కూతురు తనకు నేర్పమని అడుగుతోంది. మద్దెల పట్టుకోవాలా, వద్దా? వద్దంటే దాని స్థానంలో ఏం పెట్టుకోవాలి? వ్యాపకం కుదిరితే డాక్టరు ఇచ్చిన మాత్రలు మానేయవచ్చా? ఇవీ ఆయన ప్రశ్నలు.

మీ ఉత్తరంలో నన్ను మొదట ఆపిన వాక్యం మద్దెల గురించినది కాదు. "ఇప్పుడు చుట్ల లెక్క తప్పడం లేదు" అని నాలుగో పేజీలో ఒక మూలన రాశారు. మోటారులో తిరగని భాగమైన స్టేటర్ గాడుల్లో తీగ చుట్టేటప్పుడు ఒక కాయిల్‌కు చుట్లు తక్కువైతే మోటారు వేడెక్కి మళ్ళీ కాలుతుందని, ఏడాది క్రితం వరకు అలాంటి మోటార్లు వారానికొకటి వెనక్కి వచ్చేవని, ఈ నాలుగు నెలల్లో ఒక్కటీ రాలేదని రాసి, దాన్ని అక్కడే వదిలేసి ఫిర్యాదుల్లోకి వెళ్ళిపోయారు. నేను మాత్రం దాన్ని వదలను, ఎందుకంటే మీ రెండో పేజీలోని ఒక భయానికి జవాబు ఆ వాక్యంలోనే ఉంది. అక్కడికి తర్వాత వస్తాను.

ముందు రుచి సంగతి. చాలా ఏళ్ళు రోజూ తాగిన మనిషి మెదడు, ఆనందానికి సంబంధించినంత వరకు, మద్యం ఇచ్చే పెద్ద మోతాదుకు అలవాటుపడి తన స్పందనను తగ్గించుకుంటుంది. మద్యం ఆగిన మరుసటి రోజే ఆ స్పందన తిరిగి రాదు. కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా పడుతుంది. లడ్డూ నమిలిన నోటితో కాఫీ తాగితే ఎంత చక్కెర వేసినా చప్పగానే ఉంటుంది, ఆ తప్పు కాఫీది కాదు. అలిపిరి మెట్లు, వంగ నారు, షటిల్ మూడూ మీకు సరిపడవని ఈ నాలుగు నెలల అనుభవంతో తేల్చేయడం అలాంటి తొందరే. ఈ దశలో ఒక పని నచ్చిందా లేదా అని మనసును అడిగితే అది ప్రతిదానికీ లేదనే చెబుతుంది. కాబట్టి నచ్చితే చేద్దామనే పద్ధతిని కొంతకాలం పక్కన పెట్టి, ఫలానా రోజు ఫలానా వేళకు చేస్తాను, నచ్చడం దాని ఇష్టం వచ్చినప్పుడు వస్తుంది అనే పద్ధతిలో నడవాల్సి ఉంటుంది. ఇది వినడానికి నీరసంగా ఉంటుందని తెలుసు. అయితే ఈ చప్పదనం రోజంతా కమ్ముకొని, నిద్ర, తిండి కూడా పోయి, బతకడం ఎందుకనే ఆలోచన వస్తుంటే అది వ్యాపకంతో తీరే విషయం కాదు. డిప్రెషన్ కావచ్చు, వెంటనే మీ డాక్టరుకు చెప్పాలి. రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడగలిగే మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ ఉచిత నంబరు 14416 కూడా ఉంది.

రెండో సంగతి వేళ. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఉన్నాయి. మీరు మూడు వారాలు ఎక్కారంటే కాళ్ళలో, పట్టుదలలో లోపం లేదనే అర్థం. కానీ మీరు మెట్లెక్కింది తెల్లవారుజామున నాలుగున్నరకు. మీకు గొంతు ఎండేది సాయంత్రం ఏడున్నరకు, షాపు షట్టర్ దించి, ఆ రోజు వసూలైన నగదు జేబులో వేసుకొని, బండి తీసే వేళకు. ఇల్లు చేరే దారిలో రెండు వైన్ షాపులు ఉన్నాయని మీరే రాశారు. పొద్దున చేసిన నడక ఆ ముప్పావుగంటకు కాపలా కాయదు. హాబీ పెట్టుకొమ్మని సలహా ఇచ్చేవారు (నాతో సహా) చాలాసార్లు ఏ హాబీ అని ఆలోచిస్తారు గానీ ఏ వేళకు, ఎవరితో, ఎక్కడ అని అడగరు. మీ విషయంలో ఆ మూడింటికీ ఉన్న బరువులో సగం కూడా ఏ హాబీ అన్నదానికి లేదు. తాగాలనే తపన వచ్చినప్పుడు అది అలలా లేచి, చాలామందిలో అరగంట లోపే తగ్గుతుంది. ఆ అరగంటలో మీ చేతులు, కాళ్ళు, మాట ఎక్కడ ఉన్నాయన్నదే అసలు లెక్క.

ఇది నా సొంత కల్పన కాదు. 1973లో అమెరికాలో హంట్, అజ్రిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు తాగుడుతో ఆసుపత్రిలో చేరినవారి మీద ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. కొత్త పద్ధతిలో ఎనిమిది మంది, మామూలు చికిత్సలో ఎనిమిది మంది, అంతే. కొత్త పద్ధతి ఏమిటంటే, మద్యం లేని జీవితాన్ని మద్యం ఉన్న జీవితం కంటే ఆకర్షణీయంగా మార్చడం: పని వెతికిపెట్టడం, భార్యాభర్తల మధ్య మాటలు కలపడం, ఇంట్లో రేడియో, పేపరు లాంటి చిన్న వసతులు ఏర్పాటు చేయడం, సాయంత్రాలు కూడుకోవడానికి మందు లేని ఒక క్లబ్బు నడపడం. ఆ క్లబ్బు పెట్టింది ఒకప్పుడు సారాయి అమ్మిన గదిలోనేనట. ఆ ఎనిమిది మంది మిగతావారి కంటే చాలా తక్కువ రోజులు తాగారు. ఇంత చిన్న అధ్యయనంతో ఏదీ రుజువైపోదు గానీ, తర్వాత దశాబ్దాల్లో దీని మీద మరిన్ని పరిశోధనలు జరిగి ఈ పద్ధతి నిలబడింది. గమనించవలసింది ఏమిటంటే అక్కడ వ్యాపకం ఒంటరిగా పనిచేయలేదు. పని, ఇల్లు, స్నేహితులు, సాయంత్రం, వీటన్నింటి నడుమ అది ఒక పోగు. మిద్దె మీద ఒక్కరే నిలబడి వంగ మొక్కకు నీళ్ళు పోయడం ఎందుకు నిలవలేదో దీన్ని బట్టి మీకే అర్థమవుతుంది.

ఇప్పుడు మద్దెల. మీ రెండో పేజీలో ఉన్న భయం ఇది: "తాగకుండా వాయించిన రాత్రి నాకు గుర్తులేదు. చుక్క పడితేనే చెయ్యి తిరుగుతుందని మేళంలో అందరూ అంటారు, అది నిజమే అనిపిస్తుంది." బహుశా ఈ ఆరు పేజీలూ రాయించింది ఈ ఒక్క భయమే. మద్దెల పట్టుకుంటే తాగుతానేమో అన్నది పైకి కనిపించేది. తాగకుండా పట్టుకుంటే చెయ్యి పలకదేమో, ఇన్నాళ్ళూ మేళంలో నాకున్న పేరు మందుదేనేమో అన్నది లోపలిది. ఈ రెండో భయాన్ని విప్పకుండా మొదటిదానికి జవాబు చెబితే ప్రయోజనం లేదు.

మీ మొదటి పేజీ తిరిగి చదవండి. మద్దెల నేర్చుకున్నది పద్నాలుగేళ్ళకు అని రాశారు. మొదటిసారి తాగింది ఇరవై రెండో ఏట, కీచక వధ ఆడిన రాత్రి అని మూడో పేజీలో రాశారు. మధ్యలో ఎనిమిదేళ్ళున్నాయి. మేళం పెద్ద మిమ్మల్ని పిలిచి కూర్చోబెట్టుకున్నది, మేనమామ తన మద్దెల మీ చేతికిచ్చింది ఆ ఎనిమిదేళ్ళలోనే. తాగని రాత్రి గుర్తులేదంటున్నారు గానీ, అలాంటి రాత్రులు ఎనిమిది ఎండాకాలాల నిండా ఉన్నాయి. మరి చుక్క పడితేనే చెయ్యి తిరగడం అబద్ధమా అంటే, చివరి ఏళ్ళలో అది నిజమే, కానీ మీరనుకుంటున్న కారణంతో కాదు. రోజూ తాగే శరీరానికి మద్యం కొన్ని గంటలు అందకపోతే చేతులు వణుకుతాయి. మళ్ళీ తాగగానే వణుకు తగ్గుతుంది. వణికే చేతికి చాపు దెబ్బ సరిగ్గా పడదు, వణుకు తగ్గగానే పడుతుంది. మందు మీకు విద్య ఇవ్వలేదు, తాను పెట్టిన వణుకును తానే కాసేపు తీసి మంచి పేరు కొట్టేసింది. మొదట్లో నేను పట్టుకున్న వాక్యానికి ఇక్కడ పని ఉంది. సన్నని రాగి తీగను లెక్క తప్పకుండా గాడిలో కూర్చోబెడుతున్న వేళ్ళకు మద్దెల కొత్తగా బరువవుతుందని నేను అనుకోను. వేగం తగ్గి ఉండవచ్చు, అది మూడేళ్ళు ముట్టని ఎవరికైనా తగ్గుతుంది.

అయితే ఇంత చెప్పినంత మాత్రాన మేళానికి వెళ్ళమని అర్థం చేసుకోవద్దు. మద్దెల వేరు, మేళం వేరు, ఎండాకాలం రాత్రి వేరు. మీ ఉత్తరంలో ఈ మూడూ ఒకే మాటగా కలిసిపోయాయి. మీ ఇంటావిడ ముక్కుకూ అలాగే కలిసిపోయాయి, అందులో ఆమె తప్పేమీ లేదు. విడదీసి చూస్తే మీ ముందు ఒకటి కాదు, నాలుగు దారులు కనిపిస్తాయి. దేనికి ఎంత ఖర్చవుతుందో చెబుతాను, ఎంచుకోవడం మీ ఇద్దరి పని.

మొదటిది, మేళం పెద్ద పిలిచినట్టే ఈ ఉగాది తర్వాత ఆటకు వెళ్ళడం. మీకు నేను భారతం గురించి చెప్పనక్కరలేదు గానీ, ఒక రాత్రిని తాగుడు మానిన మనిషి కళ్ళతో చూద్దాం. రాత్రి పదికి మొదలైన ఆట తెల్లవారే దాకా సాగుతుంది. నిద్ర ఉండదు, తిండికి వేళ ఉండదు, వేషాలు కట్టే చోట సీసా తిరుగుతుంది, కొత్తగా చేరిన కుర్రాడు "అన్నా, ఒక్క గ్లాసే" అని చేతిలో పెడతాడు, అతనికి మీ ఆసుపత్రి సంగతి తెలియదు. తెల్లారాక పంపకం జరిగి చేతికి నగదు వస్తుంది, ఇల్లు యాభై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అలసట, ఆకలి, పాత స్నేహం, నగదు, ఇన్ని కలిసిన చోటు మీకు మరొకటి ఉండదు. ఇలాంటి చోట్ల తాగకుండా వచ్చినవారు ఉన్నారు. కానీ మొదటి ఏడాదిలో, అందులోనూ ఐదో నెలలో, నా బంధువెవరైనా అడిగితే నేను భయపడతాను. వెళ్ళాలనే నిర్ణయించుకుంటే పద్దెనిమిది రోజులూ కాదు, ఒక్క ఊరికి, ఒక్క రాత్రికి, మీ వెంట తాగని మనిషి ఒకరు వచ్చేటట్టు, బండి తాళం ఆయన దగ్గర ఉండేటట్టు వెళ్ళండి. మేళం పెద్దకు ముందే "నేను మానేశాను, నా చేతికి ఎవరూ ఇవ్వకుండా చూడండి" అని చెప్పండి. ఆ మాట చెప్పడానికి నోరు రావడం లేదంటే, మీరు వెళ్ళే స్థితిలో లేరన్నమాట.

రెండోది నాకు మీ ఉత్తరం చదువుతుండగా తోచింది. భారతంలో రాత్రి ఆట ఒక్కటే కాదు కదా, మధ్యాహ్నం పూట హరికథ కూడా ఉంటుంది. దానికీ మద్దెల కావాలి. వినేవారిలో ఎక్కువమంది ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు. పొద్దు వాలేలోపు అయిపోతుంది. చీకటి పడేసరికి బస్సెక్కి ఇంట్లో ఉండవచ్చు. మీ విద్య నలుగురిలో నిలబడుతుంది, సీసా తిరిగే చోటు, వేళ రెండూ తప్పుతాయి. దీనికయ్యే ఖర్చు వేరు. ఎండాకాలం బోర్లు, మోటార్లు ఎక్కువగా కాలే కాలం, షాపుకు నాలుగు డబ్బులు వచ్చే కాలం. ఆ మధ్యాహ్నాలు మూసుకుంటే రాబడి తగ్గుతుంది, కుదువలో ఉన్న గొలుసు ఇంకా విడిపించలేదని మీరే రాశారు. పైగా రాత్రి ఆటలో వాయించినవాడికి హరికథ పక్కన కూర్చోవడం కాస్త చిన్నతనంగా కూడా అనిపించవచ్చు. వారానికి ఒక్క మధ్యాహ్నానికి ఒప్పుకొని చూడటం వీలవుతుందేమో ఆలోచించండి.

మూడో దారి మీ ఇంటికి దగ్గరిది. మీ వీధి చివర రాములగుడిలో శనివారాలు భజన జరుగుతుందని, తాళం వేసేవారున్నారు గానీ మద్దెల లేదని మీ ఉత్తరంలో ఉంది. ఏడున్నరకు మొదలై తొమ్మిదికి ముగిసే భజన మీ కష్టకాలం మీద సరిగ్గా మూత పెట్టినట్టు కూర్చుంటుంది. షాపు నుంచి నేరుగా అక్కడికే, జేబులో నగదును ముందే ఇంటావిడకో, షాపు కుర్రాడితో బ్యాంకుకో పంపించి. లోటు ఏమిటంటే ఇది వారానికి ఒక్క సాయంత్రమే, మిగతా ఆరింటికి వేరే ఏర్పాటు కావాలి. ఇంకో లోటు, మీ గతం ఆ వీధికి తెలుసు. మొదటి రెండు మూడు వారాలు వెనక నుంచి గుసగుసలు వినిపిస్తాయి. భజనలో మీ విద్యకు పని తక్కువ, అవే నడకలు మళ్ళీ మళ్ళీ, విసుగు పుడుతుంది. విసుగు ప్రమాదం కాదు, దాన్ని భరించడం ఇప్పుడు మీకు అవసరమైన సాధన కూడా. మిగతా సాయంత్రాల్లో ఒకటి రెండు శాస్త్రీయంగా మృదంగం దిద్దుకోవడానికి ఇవ్వాలనుకుంటే ఊళ్ళోనే శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది. పనిచేసుకునేవారికి వీలైన వేళలు ఉన్నాయేమో వెళ్ళి కనుక్కోండి. నలభై ఒకటో ఏట చిన్నపిల్లల పక్కన కూర్చొని త ది తొం నం అనడానికి సిగ్గుపడకపోతే, మేళంతో ఏ సంబంధమూ లేని కొత్త జ్ఞాపకం ఒకటి మద్దెలకు అంటుకుంటుంది.

నాలుగోది, ఒక ఏడాది మద్దెల ముట్టకపోవడం. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకండి. వాయిద్యం చప్పుడే తపనను లేపే మనుషులు ఉంటారు. పాట, వాసన, వెలుతురు, ఏదైనా పాత అలవాటుకు గంట కొట్టవచ్చు. మీరు ఆ రకమో కాదో నాకూ తెలియదు, మీకూ తెలియదు. తెలుసుకోవడానికి ఒక మార్గం ఉంది. ఒక ఆదివారం పొద్దున, కడుపు నిండా తిని, ఇంట్లో భార్యాబిడ్డలు ఉండగా, ఇరవై నిమిషాలు వాయించండి. మొదలుపెట్టే ముందు, ఆపిన వెంటనే, మళ్ళీ ఆ సాయంత్రం ఏడున్నరకు, తాగాలనే కోరిక పదికి ఎన్ని పాళ్ళు ఉందో చీటీ మీద అంకె వేయండి. మూడు ఆదివారాలు అలా చూస్తే మీకే తెలుస్తుంది. అంకె వారం వారం పెరుగుతుంటే మద్దెలను అటక మీదే ఉంచి, వేరే దానితో ఏడాది గడపడమే మేలు. అప్పుడు మిమ్మల్ని వేధించేది తపన కాదు, భార్య మీద కోపం: ఆమె మాట విని నా విద్య వదులుకున్నాను అని. అందుకే ఆ నిర్ణయం ఆమె మాట మీద కాకుండా మీ చీటీల మీద ఆధారపడాలి.

కూతురికి నేర్పడం గురించి రెండు మాటలు. నేర్పండి, నేర్చుకునేవారి ముందు కూర్చుంటే తనకు తెలిసింది ఎంతో మనిషికి తెలుస్తుంది. కానీ "నీ కోసమే నాన్న మానేశాడు" అనే బరువు ఆ పిల్ల మెడకు కట్టకండి. రేపు ఆమెకు పరీక్షలు వస్తాయి, మద్దెల మీద మోజు తీరుతుంది, ఒక సాయంత్రం రానంటుంది. ఆ సాయంత్రం మీరు తాగితే ఆ పాపం తనదని నమ్మే వయసు ఆమెది.

కొత్త వ్యాపకాల గురించి మీరడిగినదానికి పెద్దగా చెప్పేదేమీ లేదు. షటిల్ పనికి రాదని నేననను, సాయంత్రం ఆడే కోర్టు, తాగని జట్టు దొరికితే అది మద్దెల కంటే సులభం. శ్రీకాళహస్తి వెళ్ళి కలంకారీ నేర్చుకొమ్మన్న మీ స్నేహితుడి సలహా అందంగా ఉంది గానీ, పగలంతా తీగతో చేసిన సన్నపని చాలక రాత్రి బట్ట మీద సన్నగీతలు గీయడానికి అంత దూరం రోజూ వెళ్ళిరాగలరా? ఏది మొదలుపెట్టినా మొదటి మూడు నెలలు సామాన్లు కొనకండి. కొనడంలో ఒక చిన్న మత్తు ఉంది, షటిల్ బ్యాట్ కొన్న రోజున మీకు కలిగిన హుషారు అదే. ఫోనులో డబ్బు పెట్టి ఆడే ఆటలను మాత్రం వ్యాపకం లెక్కలో వేయకండి, అది ఒక గుంటలోంచి లేచి ఇంకో గుంటలో కూర్చోవడం.

మాత్రల విషయంలో నేను దారులు చూపించను, ఎందుకంటే అవి మానడం మీరో నేనో నిర్ణయించేది కాదు. ఏ వ్యాపకమూ మాత్రల స్థానంలోకి రాదు. తాగుడు మానినవారికి ఇచ్చే మాత్రలు ఒక రకం కావు: కోరికను తగ్గించేవి కొన్ని, తాగితే ఒళ్ళు ఎర్రబడి, వాంతులై, రక్తపోటు పడిపోయేలా చేసే డైసల్ఫిరామ్ మరొకటి. మీకు ఇచ్చింది ఈ రెండో రకమైతే, మాత్ర ఆపిన తర్వాత కూడా దాదాపు రెండు వారాల వరకు మద్యం ప్రమాదకరమే. "ఆట ఉన్న వారం మాత్ర ఆపుదాం" అనే ఆలోచన ఎప్పుడైనా తలెత్తితే, మీరు తాగడానికి ఏర్పాట్లు మొదలుపెట్టారని అర్థం. ఆ రోజే డాక్టరును కలవండి.

తప్పటడుగు పడితే ఏం చేయాలో ఇప్పుడే మాట్లాడుకుందాం, అపశకునమని అనుకోవద్దు. ఒక గ్లాసు తాగి "ఇంక అంతా పోయింది" అనుకోవడంతోనే చాలామంది సీసా దాకా వెళతారు. ఒక గ్లాసు పడితే అక్కడే ఆగి, ఆ రాత్రే ఇంట్లో చెప్పి, మర్నాడు ఆసుపత్రికి వెళ్ళవచ్చు. నాలుగు నెలల చుట్లు ఒక్క తప్పుతో ఊడిపోవు. కానీ మళ్ళీ రోజూ తాగడం మొదలై కొన్నాళ్ళు గడిస్తే, క్రితంసారిలా ఇంట్లో గది తలుపు వేసుకొని ఒక్కసారిగా మానకండి. ఆపిన మొదటి రెండు మూడు రోజుల్లోనే మూర్ఛలు, ఆ వెంటనే మతి తప్పి భ్రమల్లో పడిపోయే స్థితి రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఒకసారి మూర్ఛ వచ్చిన మీకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. మత్తు మానడానికి సాయం చేసే జాతీయ నంబరు 14446. దాన్ని షాపు గోడ మీద, వైండింగ్ లెక్కలు రాసుకునే చోటే రాసి పెట్టుకోండి.

చివరగా మీ ఇంటావిడ. ఆమెను మీరు ఉత్తరం పొడవునా అడ్డంకిగా చూపించారు. గొలుసు కుదువకు వెళ్ళిన రోజుల్లో, ఇంట్లో అమ్మదగిన ప్రతిదీ అమ్ముడుపోయిన రోజుల్లో, ఆ మద్దెల మాత్రం ఎందుకు మిగిలింది? మీరు అమ్మలేదు సరే, ఆమె కూడా అమ్మలేదు. దాన్ని గోనెసంచిలో కుక్కి పడేయలేదు, పాత చీర చుట్టి అటక మీద పెట్టింది. దీనికి నేను ఎక్కువ అర్థం లాగుతున్నానేమో, చీర అందుబాటులో ఉండి చుట్టి ఉండవచ్చు. ఆమెను అడిగి చూడండి. మందు వాసన వస్తుందన్న ఆమె మాటకు "ఇప్పుడు రాదులే" అని జవాబివ్వకండి. ఆమెకు వస్తోంది, అది నిజం. ఏ దారి పడితే ఆమెకు ఎంత భయమో, ఏ వేళకు మీరు ఇంట్లో ఉంటే ఆమెకు నిద్ర పడుతుందో అడిగి, ఆ జవాబును కూడా పైన చెప్పిన చీటీల పక్కన పెట్టండి. మేళం పెద్దకు మాట ఇచ్చేది ఆ తర్వాతే.

మూడేళ్ళు కదలని వాయిద్యం కనుక మూతలు బిగుసుకుపోయో, వార్లు సడలిపోయో ఉంటాయి, బాగు చేయించడానికి కొన్ని రోజులు ఎలాగూ పడుతుంది. ఆదివారం పరీక్ష కూడా అది బాగయ్యాకే. మద్దెల ఎడమ మూతకు పూసే రవ్వ ముద్ద తడిపే పని కూతురికి ఇవ్వండి. అటక మీద నుంచి దించేది మాత్రం మీరు కాదు, చుట్టిపెట్టిన చేతులతో మీ ఇంటావిడనే దించమనండి. ఇప్పుడు కాదంటే, ఆమె దించే రోజు దాకా ఆగండి.